కళ్ళూ చెవులూ మాత్రమే

మంగళవారం, రాత్రి ఏడు.
ఆక్రన్ ఊళ్ళో, మూతబడ్డ టైర్ల ఫ్యాక్టరీ వెనకాల
బడి లైబ్రరీలో
పిల్లల కుర్చీల్లో ఒదగలేక, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా
పదకొండు మంది పెద్దవాళ్ళు.
మా పేట గస్తీ దళం.

నేను సార్జెంట్ లొరెయిన్ కుబియాక్‌ని.
ఏటా అప్పజెప్పే పాఠమే మళ్ళీ:
"మీరు మాకు కళ్ళూ చెవులూ.
చేతుల పని మాకొదిలేయండి."

మెర్ల్ హాస్కెట్ చెయ్యెత్తాడు.
ముప్పై ఒక్కేళ్ళు రబ్బరు ఉడకబెట్టిన చెయ్యి.
"తుపాకీ తెచ్చుకోవచ్చా?"

చట్టం తెచ్చుకోమంటుంది.
మా పైవాళ్ళు 'ప్రోత్సహించం' అంటారు,
గోడమీది పిల్లి లాంటి మాట.
స్టేషన్లో కాఫీ మిషన్ దగ్గర అనుకునేవి
ఈ గదిలో అనేవి కావు.
"ఫోన్ చేస్తే మనం వెళ్ళేది పదిహేడు నిమిషాలకి,
అందాకా వాళ్ళు చేతులు ముడుచుకోవాలా?" అంటాడొకడు.
"దొంగని పట్టుకోవడానికెళ్ళి
దొంగ కన్నా ముందు వీళ్ళని పట్టుకోవాల్సొస్తోంది" అంటుంది ఇంకొకతె.

ఇద్దరికీ తలూపుతాను నేను.
ఎందుకంటే,
ఓ జనవరిలో మంచు మీద జారి, చీలమండ విరిగి,
రేడియో ఎక్కడో పడిపోయి,
నేను వెంటాడినవాడే నా మీదికి తిరిగొస్తుంటే
పిజ్జా కొట్టు ముసలమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది,
పిండి చేతుల్లో పిస్తోలు.
ఒక్క మాటా అనలేదు. వాడు పోయాడు.
అంబులెన్సు వచ్చేదాకా ఆ పిండి వాసన పక్కనే కూచున్నాను.
రిపోర్టులో ఆమె పేరు రాయలేదు.

ఇది వాళ్ళకి చెప్పలేదు.
చెప్పింది ఇంకోటి, మెర్ల్ ఒప్పుకుంటేనే:

నవంబరు. సందు చివర గరాజు తాళం పగిలింది.
నేను టార్చి వేశాను.
వెలుగులో ఒక వీపు, ఒక మోచెయ్యి,
మోచేతి చివర నల్లగా ఏదో.
గస్తీ పసుపు జాకెట్ ఆ రాత్రి ఉతుకులో ఉందట.
అరిచాను. అతను తిరిగాడు.
తాడో పామో తేల్చుకునే తీరిక
నా వేలికి లేదు.

అప్పుడు దగ్గాడు.
ఫ్యాక్టరీ మసి ఇంకా వదలని ఆ దగ్గు,
పన్నెండేళ్ళుగా ప్రతి మీటింగులో నా మాటకి అడ్డొచ్చే దగ్గు.
వేలు సడలించాను.
కెమెరాలో తర్వాత లెక్కపెట్టాను, నాలుగు సెకన్లు.

లైబ్రరీలో ఎవరూ కదల్లేదు.
మెర్ల్ బూట్ల వంక చూసుకుంటున్నాడు.

వెనక వరసలోంచి థాడియస్ ప్రూయిట్ లేచాడు.
సిటీ బస్సు డ్రైవరు, ఇంకా యూనిఫాంలోనే.
ఏనాడూ తుపాకీ తేడు, మెడలో ఈల ఒకటి.
గొంతు పెంచకుండానే అడిగాడు:
"మెర్ల్‌కి నాలుగు ఇచ్చారు. మంచిదయింది.
ఆ చీకట్లో, ఆ టార్చి వెలుగులో, నేనైతే,
నాకెన్ని?"

నాలుగే అనబోయాను.
ఆ మాట నాలిక మీదికి వచ్చి,
అతని నల్లటి ముంజేతుల్ని, వాటిని అతను
కుర్చీ వీపు మీద నాకు కనబడేట్టు
విప్పి ఆనించిన తీరుని చూసి
వెనక్కి పోయింది.
ఎన్నేళ్ళ అలవాటో అది. ఎవరు నేర్పారో.

"తెలీదు" అన్నాను.
నా ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో
ప్రజల ముందు ఆ మాట అనడం అదే మొదలు.

అతను కూచున్నాడు. కోపంగా లేడు,
తెలిసిన స్టాపు రావడం చూసినవాడిలా ఉన్నాడు.

హాజరు కాగితం చేతులు మారుతోంది.
పేరు, ఫోను, వెంట తెచ్చేవి.
మూడో గడిలో థాడియస్ 'ఈల' అని రాశాడు.
మెర్ల్ కాగితం అందుకున్నాడు.
తన గడిలో పెన్ను ఆనించి,
రాయక, తియ్యక,
చాలాసేపు ఉంచాడు.

ఇంటికొచ్చి చూశాను.
అక్కడ ఒక సిరా మరక.
దాని కింద ఏదో ఉంది,
దీపానికి పట్టుకున్నా చదవలేకపోయాను.